మనవాళ్లకి కాని మాత్ర

అత్తగారి మాత్రల డబ్బా నింపడం ఆ ఇంట్లో కోడలి ఆదివారపు ఉద్యోగం. ఆదివారం అందరికీ సెలవు, ఆమెకి మాత్రం మాత్రలు. రోజుకో వరస గళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలో బీపీకి తెల్లది, షుగరుకి పొడుగుది, నిద్రకి పిసరంతది, ఇవన్నీ కలిసి కడుపులో పెట్టే తగువు తీర్చడానికి ఇంకొకటి సర్దుతుంటే, అత్తగారు పక్క కుర్చీలో కూర్చుని నగల కొట్టులో తూకం చూసినట్టు చూస్తుంటారు. సర్దడం అయ్యాక ఎప్పుడూ ఒకటే మాట.

“అన్నీ ఉన్నాయి, నా కొడుకు మాత్ర తప్ప.”

కొడుకు మాత్ర అంటే మోకాళ్ల నొప్పుల మాత్ర. నిజానికి దాన్ని తయారుచేసింది ఒక మందుల కంపెనీ. అమ్మకానికి పెట్టేముందు మనుషులకి ఇచ్చి చూడాలి కాబట్టి, ఆ చూసే పనిని డాక్టరైన కొడుకు తన సొంత ఆసుపత్రిలో పెట్టుకున్నాడు. అత్తగారి దృష్టిలో మాత్రం దాన్ని కనిపెట్టింది కొడుకే. మెట్ల మధ్యలో ఆయాసంతో ఆగిన ప్రతిసారీ పై వాటావాళ్లకీ కింది వాటావాళ్లకీ అదే చెప్తారు. “మోకాళ్లు అరిగిపోయాయి, తిన్నది మాత్రం అరగదు. నా ఒంట్లో అరగాల్సింది ఒకటి, అరిగింది ఇంకొకటి. లోకంలో మోకాళ్లన్నీ మావాడు బాగుచేస్తున్నాడు, కన్నతల్లి మోకాళ్లే వాడి కంటికి ఆనవు.”

కొడుకుని అడిగితే “చూద్దాంలేమ్మా” అంటాడు. నెలల తరబడి అలా చూస్తూనే ఉన్నాడు. ఆ ఆదివారం కోడలే చూసింది. ఆసుపత్రి వార్డు బీరువాలోంచి తెచ్చిన స్ట్రిప్ చించి, పొద్దుటి గడిలో ఒక మాత్ర వేసింది. ఆమెకి ఆ మందు మీద నమ్మకం. ఉండదా మరి? పెళ్లికి ముందు ఆమె కాలేజీలో మందుల శాస్త్రం పాఠం చెప్పేది. పెళ్లయ్యాక ఆ చదువంతా భర్త పరిశోధనా పత్రాల్లో భాష దిద్దడానికి పనికొచ్చింది. పరిశోధన ఆయనది, శోధన ఆమెది. పేరు ఆయనది, తీరు ఆమెది. ‘ఈ మందు వాడినవారిలో గుండెకు సంబంధించిన ఇబ్బందులేవీ కనిపించలేదు’ అన్న వాక్యాన్ని ముచ్చటగా మలిచింది ఆమే. తను రుద్ది మెరిపించిన గిన్నెలో తనే ముఖం చూసుకుని మురిసిపోయినట్టు, తను దిద్దిన మాటని తనే నమ్మింది.

టిఫిన్ బల్ల దగ్గర భర్త ఫోన్ చూసుకుంటూ రొట్టె నములుతున్నాడు. అత్తగారు గడి మూత తెరిచి, అరచేతిలో కొత్త మాత్రని చూసి, పండగ బట్టలు చూసిన పిల్లలా నవ్వారు.

“ఇదిగో, నా కొడుకు మాత్ర” అంటూ నోటి దాకా తీసుకెళ్లారు.

భర్త చెయ్యి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. తల్లి చేతి మీద పడ్డ దెబ్బ మాత్రం వినపడింది. మాత్ర ఎగిరి బల్ల కిందకి దొర్లింది, గ్లాసులో నీళ్లు బల్లంతా పరుచుకున్నాయి.

“ఎవరిచ్చారు నీకిది?”

“మీ ఆవిడ. నువ్వు ఇవ్వలేదుగా.”

“అది మనవాళ్లకి కాదు.”

అత్తగారు దెబ్బ తగిలిన చేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ కొడుకు ముఖంలోకి చూశారు. ఆవిడ కళ్లజోడులో ఒక అద్దానికి నీటి చుక్క అంటుకుని ఉంది.

“మనవాళ్లకి కాకపోతే ఎవరికిరా?”

అతను నవ్వాడు. డబ్బు పెట్టేవాళ్లతో నవ్వే నవ్వు అది, పళ్లు కనిపిస్తాయి, కళ్లు కదలవు. “ఇంకా పరీక్షలో ఉందిలేమ్మా. నీకు ఇంతకన్నా మంచిది తెప్పిస్తాగా.” తర్వాత పెళ్లాం వైపు తిరిగి, “నీళ్లు ఒలికాయి, చూడు” అన్నాడు.

ఆమె గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. వంగి బల్ల కింద తుడిచింది. మాత్ర కోసం వెతికింది, కనపడలేదు. అత్తగారి చెప్పు మాత్రం అక్కడ ఉండాల్సినదానికన్నా కొంచెం ముందుకి జరిగి, కదలకుండా ఉంది.

వంటింట్లోకి అతను అడుగుపెట్టడం అరుదు. ఆరోజు పెట్టాడు.

“బుద్ధుందా నీకు? చదువుకున్నదానివేగా.”

“ఆ మందు మంచిది కాదా?”

“మందు మంచిదే. అమ్మ గుండె మంచిది కాదు.”

“మందు మోకాలికి కదండీ. మధ్యలో గుండె ఎందుకొచ్చింది?”

అతను గడియారం చూసుకున్నాడు. జవాబు లేని ప్రశ్న ఎదురైనప్పుడల్లా అతనికి టైమ్ అయిపోతుంది. “సాయంత్రం కంపెనీవాళ్లు భోజనానికి వస్తున్నారు. డబ్బు పెట్టేవాళ్లు కూడా వస్తున్నారు. మనకి వాటా రాసిచ్చే రోజు ఇది. పిచ్చి ప్రశ్నలు ఆపి వంట సంగతి చూడు. వాళ్లలో ఇద్దరికి కారం పడదు.” గుమ్మం దాకా వెళ్లి, మర్చిపోయిన తాళాలు గుర్తొచ్చినట్టు ఆగాడు. “ఆ, ఇంకోటి. వార్డులో ఉన్న ఆ కుట్టుపని ఆవిడ కూతురికి ఫోన్ చెయ్యి. ఇంటికి తీసుకెళ్లిపొమ్మను. ఇవాళే.”

“ఏమైంది ఆవిడకి?”

“ఏం కాలేదు. విరమించుకుంది.”

ఆ ఆసుపత్రిలో మరణం అన్న మాట లేదు. మరణంలో అక్షరాలు అటూ ఇటూ జరిపితే రమణ అవుతుంది, ముందొక వి తగిలిస్తే విరమణ. మందు పరీక్షలో ఉన్నవాళ్లెవరైనా నీరసించి మంచం పట్టగానే వాళ్లు తమంతట తామే పరీక్ష నుంచి తప్పుకున్నట్టు రాసుకుని, అదే రోజు ఇంటికి పంపేస్తారు. తర్వాత ఏం జరిగినా అది ఇంట్లో జరిగినట్టే. ఆ ఇంటికి పంపడం కూడా ఊరికే జరగదు. జబ్బు మనిషిని ఆసుపత్రిలోంచి తీసుకెళ్లమంటే ఎవరు తీసుకెళ్తారు? నచ్చజెప్పాలి. ఆ నచ్చజెప్పే పని ఆమెది.

పని మొదలైనప్పుడు జీతం మాట అడిగింది. “మన ఆసుపత్రిలో మనకి జీతమేంటోయ్, ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకోవడమా?” అని నవ్వాడు. రెండు జేబులూ అతని చొక్కావే. “నీ గొంతే సగం మందు. నువ్వు మాట్లాడితే జనం కరిగిపోతారు” అన్నాడు. పెళ్లయ్యాక అతను మెచ్చుకున్న మొదటి విషయం అది, అందుకే దాన్ని పెట్టెలో పట్టుచీరలా దాచుకుంది. “నీ ఫోన్ నుంచే చెయ్యి, ఆసుపత్రి నంబర్ చూస్తే భయపడతారు” అని కూడా అన్నాడు. ఎంత జాలిగుండె అనుకుంది అప్పుడు. వార్డులో ఆమెకి పలకరింపు మేడమ్ అని పేరు పడింది. లారీ డ్రైవర్ పెళ్లానికి ఫోన్ చేసి, “ఇక్కడి గోల కన్నా ఇంటి దగ్గరైతే ప్రశాంతంగా నిద్రపోతారు అక్కా” అంది. అతను ప్రశాంతంగానే నిద్రపోయాడు, లేవలేదు. బడిలో ఆయాగా పనిచేసే ఆవిడ మొగుడికి చేసి, “మీ చేతి ముద్ద తింటే కోలుకుంటుంది అన్నయ్యా” అంది. ఆ ముద్ద దిగలేదు. కూరగాయల బండి తాతకి కొడుకులు లేరు, అల్లుడికి చేసింది. మళ్లీ కొన్నాళ్లకి పరామర్శ ఫోన్లు. “వయసు, షుగరు, అన్నీ కలిసొచ్చాయి. ముసలి ప్రాణాలు” అని భర్త చెప్పమన్నది చెప్పింది. వాళ్లు ఏడుస్తూనే, “పెద్దింటి మనిషివి, గుర్తుపెట్టుకుని పలకరించావు తల్లీ” అని దండాలు పెట్టారు. ఫోన్లో దండం కనపడదు కానీ వినపడుతుంది. ఆ దండాలన్నీ ఆమె పుచ్చుకుంది. తర్వాత పత్రంలో ‘కొందరు వ్యక్తిగత కారణాలతో విరమించుకున్నారు’ అని రాసింది. రాసి, మాట బాగా కుదిరిందని సంతోషించింది కూడా.

అది మనవాళ్లకి కాదు.

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఆమె గరిటె పక్కన పెట్టింది. ఎవరి కోసం వండుతోంది తను? సాయంత్రం వచ్చేవాళ్లు ఎలా ఉంటారో తెలుసు, ఇదివరకు వడ్డించింది. ఒక మందు గురించి మాట్లాడటానికి వచ్చి ఇంకో మందు తాగే రకం. వేళ్లకంటిన నూనె ఆమె ఉతికిన బల్లగుడ్డకే తుడుచుకుని, “మీ శ్రీమతిగారి చెయ్యి అమృతం” అని భర్తతో అంటారు, ఆమెతో అనరు. భోజనం పెట్టేది ఆమె. పెట్టుబడి పెట్టేది వాళ్లు. ప్రాణం పెట్టేది మాత్రం ఎవరో లారీ డ్రైవరు, ఎవరో ఆయా. అందరూ పెట్టేవాళ్లే, మూటగట్టుకునేవాడు ఒక్కడే. ఆ మూటలో నుంచే తన చీరలూ, ఈ గ్రానైట్ గట్టూ, ఈ గిన్నె. ఆమె సింకు మీదకి వంగింది. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఊసింది, మళ్లీ పోసుకుంది, మళ్లీ ఊసింది. నాలుక మీద ఏదో జిగురు అంటుకుని వదలనట్టు ఉంది. ఆ జిగురు పేరు మంచితనం. తియ్యగా మాట్లాడటం. ఆడదాని గొంతు ఇంత మెత్తగా ఉంటే ఎంత బాగుంటుందో అని చిన్నప్పటినుంచీ అందరూ మెచ్చుకున్న ఆ మెత్తదనాన్ని ఒక మనిషి దిండులా వాడుకుని, ఊపిరాడని ముఖాల మీద అదిమాడు. దిండుని పట్టుకున్న చేతులు తనవి.

మోకాలికిచ్చిన మందు మోకాలి దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పారు, రక్తానికి గుమ్మాలుండవు అని ఒకప్పుడు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి ఆమె. ఇలాంటి మందులు కొన్ని ఒంట్లో నీరు నిలవేసి గుండెని అలిసిపోయేలా చేస్తాయి, ముందు పాదాలు చూడండి అని చెప్పేది. ఇన్నాళ్లూ తను ఒక్కరి పాదాలూ చూడలేదు. నడిచొచ్చేటప్పుడు వాళ్ల నవ్వు ముఖాలు చూసింది. మంచం పట్టాక గొంతులు వింది. మధ్యలో చూడాల్సింది తన కంట పడకుండా ఆ పనిని ఎంత చక్కగా కుట్టి పెట్టారో.

పొయ్యి కట్టేసి, స్ట్రిప్ సంచిలో వేసుకుని, ఆసుపత్రికి వెళ్లింది.

హెడ్ నర్సు ఆమెని చూసి కాగితాల్లోంచి తలెత్తింది. “మీరెందుకొచ్చారు మేడమ్? ఫోన్ సరిపోయేదిగా. ఆ కుట్టుపని ఆవిడ మంచం ఖాళీ చేయించమన్నారు సార్.” ఆ మాట ఎంత మామూలుగా అందంటే, కుర్చీ ఇటు జరపమన్నట్టు అంది.

కుట్టుపని ఆవిడ మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకోలేకపోతోందని చూడగానే తెలుస్తోంది. అయినా నవ్వింది.

“రండి మేడమ్. నా కాళ్లు చూశారా, ఏనుక్కి పైజామా కుట్టమంటే కొలతలకి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.” మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగింది. “మోకాళ్ల నొప్పి మటుకు పోయింది. మీరు చెప్పినట్టే పోయింది. ఊపిరే... కుట్టు ఊడిన గుడ్డలా అయిపోయింది.”

ఆమె మంచం దగ్గర కింద కూర్చుంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసింది. గుంట అలాగే ఉంది. చిన్న పిల్ల పిండిలో వేలు పెట్టినట్టు, లోతుగా, చల్లగా. ఇలాంటి గుంటలు ఇంకెన్ని కాళ్ల మీద పడి ఉంటాయో, ఎన్ని కాళ్లు వాటితోనే మట్టిలోకి వెళ్లాయో.

ఆవిడ కూతురు తలుపు దగ్గర సంచి సర్దుకుని నిలబడి ఉంది. “ఇంటికి తీసుకెళ్లమని చెప్తారట కదా మేడమ్ మీరు. సిస్టర్ అన్నారు. అమ్మ కదలనంటోంది. మీరు చెప్తే వింటుంది.”

“ఇంటికి కాదు” అంది ఆమె.

“మరి?”

“పెద్దాసుపత్రికి. ఇప్పుడే. నేనూ వస్తాను.”

“అక్కడ జనం ఎక్కువ మేడమ్. ఇక్కడైతే ఉచితం కదా అని...”

“ఉచితం కాదమ్మా ఇది. ఆ చెయ్యి పట్టుకో.”

పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు ఒకావిడ, జుట్టు క్లిప్పులోంచి జారిపోతుంటే పట్టించుకోకుండా బిస్కట్టు నములుతోంది. కుట్టుపని ఆవిడని చూడగానే బిస్కట్టు జేబులో పెట్టేసింది. ఆక్సిజన్, సూది, కేకలు. కాసేపటికి బయటికి వచ్చి, “ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గుండె లాగలేకపోతోంది. ఏం మందు వాడుతోంది?” అని అడిగింది.

ఆమె స్ట్రిప్ ఇచ్చింది. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పింది. “పేరు లేదేంటి?”

“ఇంకా పెట్టలేదు.”

డాక్టరు ఆమె ముఖంలోకి చూసింది. “సమయానికే తెచ్చారు, నిలబడుతుందనుకుంటున్నా. ఇంటికి తీసుకెళ్లుంటే...” స్ట్రిప్‌ని చేతిలోనే ఉంచుకుంది. “ఈ మందు వేసుకుని ఇలా అయినవాళ్లు ఇంకా ఉన్నారా?”

జవాబు నోటిదాకా వచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది. భర్త.

“ఎక్కడున్నావోయ్? వాళ్లు బయల్దేరారట. పొయ్యి మీద కూర చల్లగా ఉంది.”

“పెద్దాసుపత్రిలో ఉన్నాను. కుట్టుపని అక్కతో.”

అవతల తలుపు మూసిన చప్పుడు వినపడింది. తర్వాత అతని గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం ఎక్కడ విన్నదో ఆమెకి వెంటనే అర్థమైంది. తన గొంతునే అరువు తీసుకున్నాడు.

“కంగారు పడకు. ఒక్క విషయం ఆలోచించుకో. నేను ఎవరినీ ఇంటికెళ్లమనలేదు. కాగితాల్లో వాళ్లంతట వాళ్లే విరమించుకున్నారు. ఇళ్లకి ఫోన్లన్నీ చేసింది నువ్వు. నీ ఫోన్లోంచి, నీ గొంతుతో. రేపు ఎవరైనా అడిగితే ఎవరి పేరు వస్తుందో చూసుకో. ఇంటికొచ్చెయ్. నేను చూసుకుంటా.”

ఆసుపత్రి నంబర్ చూస్తే జనం భయపడతారన్న ఆ జాలిగుండె లోపల ఇదా ఉన్నది. మొదటి ఫోన్‌కి ముందే, ఒక్కరూ పోకముందే, తప్పు మోసే తల ఎవరిదో కొలత తీసి పెట్టుకున్నాడు. ఒకే మంచం మీద పడుకుని, ఒకే కంచంలో చెయ్యి పెట్టి, పండగకి పబ్బానికి నగ కొనిచ్చి. ఆ నగ ఇప్పుడు మెడ మీద బల్లిలా పాకింది. పీకి సంచిలో పడేసింది. అతను ఇంకా ఏదో అంటుండగానే ఫోన్ పెట్టేసింది.

పెట్టెయ్యగానే మళ్లీ మోగింది. ఈసారి అత్తగారు.

“అమ్మాయ్, వాడు నన్ను వంట చెయ్యమంటున్నాడు. నా మోకాళ్లు నిలబడవురా అన్నాను. మాత్ర వేసుకుంటే నిలబడతాయి కదా, ఇవ్వమన్నాను. ఇవ్వలేదు.” ఆవిడ ఆయాసపడుతూ ఆగారు. “మళ్లీ అడిగాను, అది ఎవరికిరా అని. చెప్పలేదు. కన్నదాన్ని కదా, చెప్పకపోయినా తెలిసింది. నాకు రోత పుట్టింది అమ్మాయ్. నా పాలు తాగినవాడు.”

“అత్తయ్యా...”

“ఆ మాత్ర నా దగ్గరే ఉంది, చెప్పు కింద తొక్కి పట్టుకున్నాలే. దాన్ని ముక్కలు చేసి పళ్లెంలో పెట్టాను. వచ్చే పెద్దమనుషులకి అదే మొదట వడ్డిస్తా. మా వాడి మందేగా, మోకాళ్లు మీకూ ఉన్నాయిగా బాబూ, మింగండి అంటా. ఎవడు చెయ్యి చాపుతాడో చూస్తా. నువ్వేం చేస్తావో నువ్వు చూసుకో. ఇంటి గురించి చూడకు.”

ఆమెకి నవ్వూ డోకూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసింది. ఇన్నేళ్లలో అత్తగారు ఆమెని ఏదైనా చేసుకోమని వదిలెయ్యడం అదే మొదలు.

డ్యూటీ డాక్టరు గోడకి ఆనుకుని ఎదురు చూస్తోంది. “మిమ్మల్నే అడిగాను. ఇంకా ఉన్నారా?”

“ఉన్నారు” అంది ఆమె. తర్వాత సరిదిద్దుకుంది. దిద్దడం ఆమెకి అలవాటైన పనే. “ఉండేవాళ్లు.”

“వాళ్లని ఇంటికి పంపింది ఎవరు?”

“నేను. చెప్పించింది నా భర్త. రెండూ రాసుకోండి. నేను సంతకం పెడతాను.”

“మీ మీదకే వస్తుంది ముందు. తెలుసు కదా?”

“తెలుసండి. ఫోన్లన్నీ నావే. అందుకే నా మాట కాదనడానికి ఎవరికీ వీలుండదు.”

డాక్టరు కాగితాలు తేవడానికి లోపలికి వెళ్లింది. వరండాలో బెంచీ మీద ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, ఎవరిదో తుమ్ము, ఫినాయిల్ వాసన. కిటికీ అవతల ఎండ తగ్గుతోంది. ఇంటి ముందు ఈపాటికి కార్లు ఆగుతుంటాయి. ఆమె ఫోన్ తీసి, బడి ఆయాగారి మొగుడి నంబర్ నొక్కింది. అవతల ఎత్తగానే, మనిషి గొంతు వెలిగింది.

“పలకరింపు మేడమ్ గారా. బాగున్నారా తల్లీ. మీరు ఫోన్ చేస్తే మాకు ధైర్యంగా ఉంటుంది.”

ఆమె తన గొంతులోని ఆ పాత మెత్తదనాన్ని వెతికి చూసుకుంది. ఉంది, ఎక్కడికీ పోలేదు. దాన్ని పక్కన పెట్టింది.

“కూర్చోండి అన్నయ్యా. ఈ ఫోన్ ధైర్యం చెప్పడానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి.”